స్టార్టప్ సందేహాలు: రిజిస్ట్రేషన్ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

కాలేజీలో ఉండగానే కంపెనీ పెట్టాలనుకునే విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చే వాటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేం వరంగల్‌లో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్న ముగ్గురు స్నేహితులం. ఫోన్‌తో బోరు మోటారు ఆన్, ఆఫ్ చేసే పరికరం తయారుచేశాం. కాలేజీ ఎక్స్‌పోలో మొదటి బహుమతి వచ్చింది. వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టేయమని సీనియర్లు అంటున్నారు. పెట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. రిజిస్ట్రేషన్ కష్టమై కాదు. మీ పనులన్నిటిలో తేలికైనది అదే, పత్రాలు సరిగా ఉంటే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. కానీ ఆ రోజు నుంచి అమ్మకాలు ఉన్నా లేకపోయినా ఆడిటర్‌ని పెట్టుకోవాలి, ఏటా రిటర్నులు వేయాలి. ఎంత చిన్న కంపెనీకైనా ఏడాదికి ఇరవై, ముప్పై వేలు వాటికే పోతాయి. పైగా కొన్ని ప్రభుత్వ పథకాలకు కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదన్న షరతు ఉంది. వస్తువు తయారవక ముందే కంపెనీ పెడితే ఆ రెండేళ్లూ ల్యాబులోనే గడిచిపోతాయి.

ముందు పరికరం సంగతి చూడండి. ఎక్స్‌పోలో బల్ల మీద సింగిల్ ఫేజ్ ప్లగ్గుకు తగిలించి చూపిన సర్క్యూట్ పొలంలో వారం నిలవడం కష్టం. చాలా బోర్ల దగ్గర స్టార్టరు డబ్బాలోకి మూడు ఫేజు వైర్లే వస్తాయి, న్యూట్రల్ ఉండదు. అంటే మీ పవర్ సప్లై రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టుల మీద నడవాలి. దుకాణాల్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ మాడ్యూళ్లు 265 వోల్టుల వరకే తట్టుకుంటాయి. అదీగాక ఆ 415 కాగితం మీది లెక్క. లోడు తగ్గిన వేళ అది 450 దాటుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా లైను చివరున్న బోరు దగ్గర 350కి పడిపోతుంది. 300 నుంచి 500 వోల్టుల దాకా ఆగకుండా నడిచే సప్లై పెట్టుకోండి. ఇన్‌పుట్ దగ్గర ఫ్యూజు, సర్జ్‌ను మింగే ఎంఓవీ తప్పనిసరి.

తర్వాత ఎక్కువగా పోయేది రిలే. దాని మీద 250 వోల్టులని రాసి ఉంటే మోటారుకు కరెంటు కలిపే 415 వోల్టుల కాంటాక్టర్ కాయిల్‌ని ఆపడానికి అది పనికిరాదు. కాయిల్ ఆగేటప్పుడు లేచే నిప్పురవ్వకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఫోన్‌లో ‘మోటారు ఆఫ్’ అని మెసేజ్ వస్తుంది, అక్కడ మోటారు తిరుగుతూనే ఉంటుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు కాలిపోతుంది. ఆ నిప్పురవ్వను అణిచే ఆర్‌సీ స్నబ్బర్‌ని కాయిల్‌కి అడ్డంగా పెట్టండి. రిలేకి ఆఫ్ ఆదేశం వెళ్లగానే రైతుకు మెసేజ్ పంపకండి. వైర్లలో కరెంటు నిజంగా ఆగిందో లేదో సీటీతో (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్‌తో) చూసి, ఆ తర్వాతే పంపండి.

ఫేజు పోవడాన్ని పసిగట్టడంలోనూ విద్యార్థులు ఒకేచోట పొరబడుతుంటారు. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోయినా మిగతా రెండింటి మీద అది తిరుగుతూనే ఉంటుంది, పోయిన వైరులో కూడా తనే వోల్టేజి పుట్టిస్తుంది. వోల్టేజి మాత్రమే చూసే పరికరానికి మూడు ఫేజులూ ఉన్నట్టే కనిపిస్తుంది, ఈలోపు వైండింగ్ మాడుతుంది. అందుకే కరెంటు కూడా కొలవాలి. ఇక చిన్న విషయాలు: ఇనప డబ్బాలో యాంటెన్నా పెడితే సిగ్నల్ రాదు, బయటికి తీయాలి. 2జీ మాడ్యూల్ వాడితే జియో సిమ్ పనిచేయదు. వైరు రంధ్రాలకు కేబుల్ గ్లాండ్ బిగించకపోతే చీమలు, బల్లులు చేరతాయి.

ఇవన్నీ సరిచేసుకున్నాక పది పొలాల్లో అరవై రోజులు పెట్టి చూడండి. ఊరికే ఇవ్వకండి. వెయ్యి రూపాయలైనా అడ్వాన్సు తీసుకుని, నచ్చకపోతే తిరిగి ఇస్తామని రాసివ్వండి. ఊరికే వచ్చిన వస్తువు పాడైతే రైతు పక్కన పడేస్తాడు, డబ్బు పెట్టి కొన్నదైతే మీకు ఫోన్ చేస్తాడు. మీకు కావాల్సింది ఆ ఫోనే. ఏ రోజు, ఏ బోరు దగ్గర, ఎంత వోల్టేజిలో ఆగిందో పుస్తకంలో రాసుకోండి. అరవై రోజుల తర్వాత పదింట్లో ఏడైనా మీరు వెళ్లే పని లేకుండా నడుస్తుంటే వస్తువు తయారైనట్టు.

ఇక్కడ చాలామంది గమనించని మనిషి ఒకరున్నారు: ఊళ్లో వైండింగ్ షాపు మెకానిక్. మోటారు ఆగితే రైతు మొదట పిలిచేది అతన్నే. మీ పరికరం అతనికి అర్థం కాకపోతే రెండు వైర్లు పీకి డైరెక్టుగా కలిపి వెళ్లిపోతాడు, ఆ రోజుతో మీ పరికరం పని అయిపోయినట్టే. డబ్బా మీద బైపాస్ స్విచ్ పెట్టండి, వైరింగ్ బొమ్మను తెలుగులో అతికించండి, మండలానికి ఇద్దరు మెకానిక్‌లకు నేర్పండి, బిగింపు కూలి వాళ్లకే దక్కేలా చూడండి.

మీకు అసలు పోటీ ఇంకో స్టార్టప్ కాదు, కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపే చవక ఆటో స్టార్టరు. 2018లో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు వాటిని తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరింది. రాత్రంతా మోటారు నడిచి బోరు ఎండుతుందన్న భయం రైతుకూ ఉంది. మీ పరికరం ఆ భయం తీరుస్తుందంటే కొంటాడు. రాత్రిపూట పొలానికి వెళ్లే పని తప్పుతుందన్నా కొంటాడు. ‘ఐఓటీ’ అంటే కొనడు.

ధర లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. రైతు ఇచ్చేది 4,500 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ తీస్తే 3,814. డీలరుకు 20 శాతం పోతే 3,051. వారంటీలో మార్చి ఇచ్చేవాటికి, తిరుగుళ్లకు 8 శాతం పక్కన పెడితే 2,807. ప్యాకింగు, రవాణా 150. మిగిలిన 2,657లో విడిభాగాలు, బోర్డు, బిగింపు కలిపి 1,900 అయితే ఒక్కోదాని మీద మీకు వచ్చేది 757. నెలకు వంద అమ్మినా ఇద్దరికి నలభై వేల చొప్పున జీతం రాదు. విడిభాగాల ఖర్చు తగ్గించాలా, ధర పెంచాలా, డీలరు లేకుండా అమ్మాలా అన్నది కంపెనీ పెట్టకముందే తేలాలి.

ట్రయల్ దశలో మీలో ఒకరి పేరు మీద రసీదు ఇచ్చి అమ్ముకోవచ్చు. వస్తువులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షల టర్నోవర్, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. రాష్ట్రం దాటి అమ్మితే మాత్రం మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నంబరు కావాలి. ట్రయల్ దాటి అమ్మకానికి దిగేటప్పుడు మాత్రం కంపెనీ పెట్టండి. 415 వోల్టుల పరికరంతో ఎవరికైనా ప్రమాదం జరిగితే, సొంత పేరు మీద అమ్మినవాళ్ల ఇంటి దాకా వస్తుంది.

ప్రశ్న: సరే, రిజిస్ట్రేషన్ దశకు వచ్చాం. ఏమేం కావాలి? ఎక్కడ ఆగిపోతుంది? (విజయవాడ, గుంటూరు, కరీంనగర్ నుంచి)

జవాబు: ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉండాలి. ఆ ఇద్దరే రెండూ కావచ్చు. డైరెక్టర్లకు 18 నిండాలి. డైరెక్టర్లలో ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉండాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో స్పైస్ ప్లస్ అనే రిజిస్ట్రేషన్ ఫారం ఉంటుంది. పార్ట్-ఏలో రెండు పేర్లు ఇవ్వచ్చు, ఫీజు 1,000 రూపాయలు, ఒప్పుకున్న పేరు 20 రోజులు మీకోసం ఉంటుంది. పార్ట్-బీలో మిగతాదంతా ఉంటుంది, పాన్, టాన్ దాంతోపాటే వస్తాయి. అధీకృత మూలధనం, అంటే కంపెనీ జారీ చేయగల షేర్ల గరిష్ఠ విలువ, 15 లక్షల లోపుంటే ఎంసీఏకి రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. రాష్ట్ర స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాలు, సీఏ లేదా కంపెనీ సెక్రటరీ (సీఎస్) ఫీజు ఉంటాయి. లక్ష మూలధనం చాలు.

మన పిల్లల ఫారాలు ఎక్కువగా ఆగేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా విప్పి ఉంటుంది, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటుంది. ఆధార్, పాన్ కలవకపోతే డిజిటల్ సంతకం దగ్గరే ఆగిపోతుంది. ముందుగా పాన్, ఆధార్ అక్షరం అక్షరం ఒకేలా చేయించుకోండి. ఆఫీసు చిరునామాకు రెండు నెలల లోపు కరెంటు బిల్లు, ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం కావాలి. అద్దె ఇంటి ఓనరు ‘కంపెనీ’ అన్న మాట వినగానే కమర్షియల్ మీటరు గుర్తొచ్చి వెనక్కి తగ్గుతాడు. కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే ఇంక్యుబేటర్ చిరునామా దొరికితే ఆ తలనొప్పి ఉండదు.

సర్టిఫికెట్ వచ్చాక చేసే పనుల్లోనే అసలు పొరపాట్లు జరుగుతాయి. 30 రోజుల్లో బోర్డు సమావేశం పెట్టి ఆడిటర్‌ని నియమించాలి. 2 నెలల్లో షేరు సర్టిఫికెట్లు ఇవ్వాలి. కంపెనీ బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి వాటాదారూ తన వాటా డబ్బు తన సొంత ఖాతా నుంచే వేయాలి. ఒకరే అందరి తరఫున వేస్తే తర్వాత వాటాల లెక్క తగువుకొస్తుంది. ఆ స్టేట్‌మెంట్ జతచేసి 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ అనే ప్రకటన దాఖలు చేయాలి. అది చేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. మరిచిపోతే కంపెనీకి 50,000 జరిమానా. డైరెక్టర్ల మీద జరిమానా వేరే.

ప్రశ్న: నలుగురం స్నేహితులం, తలా 25 శాతం అనుకున్నాం. ఒకడికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, ఆగస్టులో వెళ్తున్నాడు. ‘అక్కడి నుంచీ పనిచేస్తా, వాటా అలాగే ఉంచండి’ అంటున్నాడు. స్నేహం చెడకుండా ఏం చేయాలి? (హైదరాబాద్)

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇదే. తెలుగు విద్యార్థుల కంపెనీలు మూతపడేది వస్తువు బాగోలేక మాత్రమే కాదు, వీసా వచ్చిన నెలలోనూ మూతపడతాయి. రేపు పెట్టుబడిదారుడు వచ్చి కాగితాలు చూస్తే, ఏ పనీ చేయని మనిషి దగ్గర పావు కంపెనీ కనబడుతుంది. అక్కడే లేచి వెళ్లిపోతాడు.

దీనికి మార్గం వెస్టింగ్. వాటా పేరుకు 25 శాతం ఉన్నా, అది నాలుగేళ్లలో, అంటే 48 నెలల్లో, నెలనెలా సంపాదించుకునేది. మొదటి 12 నెలలు నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. మీ స్నేహితుడు 8 నెలలకే వెళ్తే వాటా సున్నా. 14 నెలలు పనిచేసి వెళ్తే 25లో 48కి 14 వంతులు, అంటే 7.29 శాతం అతనిది. మిగతాది ముఖ విలువకే మిగిలినవాళ్లకు బదిలీ చేయాలి. ఈ నియమం అతనొక్కడికే కాదు, నలుగురికీ పెట్టండి. రేపు మీలో ఎవరికి క్యాంపస్‌లో మంచి ఉద్యోగం వస్తుందో ఎవరు చెప్పగలరు? అందరికీ ఒకే నియమం అన్నప్పుడు వెళ్లేవాడికీ అవమానంగా ఉండదు.

దీన్ని వాట్సాప్ గ్రూపులో రాసుకుంటే సరిపోదు. స్టాంపు పేపరు మీద ఫౌండర్ల ఒప్పందం రాసుకోవాలి, అందులోని వాటాల బదిలీ షరతుల్ని కంపెనీ ఆర్టికల్స్‌లోనూ, అంటే దాని నియమావళిలోనూ చేర్చాలి. ఆర్టికల్స్‌లో లేని షరతు కంపెనీని కట్టిపడేయదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. రిజిస్ట్రేషన్ చేసేవాళ్లు సాధారణంగా చట్టంలోని నమూనా ఆర్టికల్స్‌నే, అంటే టేబుల్-ఎఫ్‌నే, అలాగే పెట్టేస్తారు. మీ షరతులు అందులో ఉండవు. ముందే చెప్పి చేర్పించుకోండి. ఇప్పటికే కంపెనీ అయిపోయుంటే ప్రత్యేక తీర్మానంతో మార్చి, 30 రోజుల్లో ఎంజీటీ-14 అనే ఫారం వేయాలి.

కోడు సంగతీ అంతే ముఖ్యం. కంపెనీ పుట్టకముందు మీ నలుగురూ రాసిన కోడు, గీసిన డిజైన్లు ఎవరివి వాళ్లకే చెందుతాయి. అతను వెళ్లేముందు వాటిని కంపెనీకి రాసివ్వాలి. ఆ పత్రంలో ఎంతకాలానికి, ఏయే దేశాలకు అన్నది స్పష్టంగా ఉండాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. ఏడాదిలోపు వాడకపోతే హక్కు పోతుందన్న నియమం కూడా ఉంది, అది వర్తించదని పత్రంలోనే రాయించుకోండి.

అమెరికా వెళ్లే అబ్బాయికి రెండు మాటలు. ఇక్కడ ఉండగా తీసుకున్న షేర్లను అక్కడికి వెళ్లాక కూడా ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకుంటుంది. వెళ్లాక కొత్తగా తీసుకుంటే అది విదేశీ పెట్టుబడి కింద లెక్కకు రావచ్చు, అలా వస్తే షేర్లు కేటాయించిన 30 రోజుల్లో కంపెనీ ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం దాఖలు చేయాలి. అందుకే కేటాయింపులన్నీ ప్రయాణానికి ముందే ముగించండి. ఇక ఎఫ్-1 వీసా మీద ఉన్నప్పుడు వాటాదారుగా ఉండడం వేరు, పనిచేయడం వేరు. అక్కడ కూర్చుని కంపెనీ పనిచేసే ముందు, ముఖ్యంగా జీతం తీసుకునే ముందు, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసునో ఇమిగ్రేషన్ లాయరునో అడగాలి. డైరెక్టరుగా కూడా అతన్ని తప్పించడం మేలు. ప్రతి సంతకానికీ అతని కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

ప్రశ్న: మా ప్రాజెక్టు కాలేజీ ల్యాబులో చేశాం కాబట్టి కంపెనీలో 10 శాతం వాటా ఇవ్వాలని కాలేజీ అడుగుతోంది. ఇవ్వాలా? (తిరుపతి)

జవాబు: కేంద్ర విద్యాశాఖ 2019లో విద్యార్థులు, అధ్యాపకుల కోసం జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం తెచ్చింది. కాలేజీ పూర్తిస్థాయిలో ఇంక్యుబేషన్ ఇస్తే, అంటే చోటు, సదుపాయాలు, మెంటర్లు, తన పేరు, తన మేధోహక్కులు ఇస్తే, అందుకు బదులుగా 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని అందులో ఉంది. 9.5 దగ్గర గీత గీసింది కాలేజీ మేలు కోరే, మీ కంపెనీ చట్టపరమైన బాధ్యతలు దాని మీద పడకుండా. ఆ లెక్కన 10 ఎక్కువే.

మేధోహక్కు ఎవరిదన్నదానికీ అందులోనే కొలత ఉంది. పని కోర్సులో భాగంగా గానీ, కాలేజీ డబ్బు, సదుపాయాలు గణనీయంగా వాడి గానీ చేస్తే హక్కు మీదీ కాలేజీదీ ఉమ్మడి. సిలబస్‌కు సంబంధం లేకుండా, కాలేజీ వనరులు పెద్దగా వాడకుండా బయట చేస్తే పూర్తిగా మీదే. కాబట్టి ఏ భాగం మేజర్ ప్రాజెక్టులో చేశారు, ఏది ఇంట్లో సొంత లాప్‌టాప్ మీద చేశారు అన్నది తేదీలతో ఒక కాగితం మీద పెట్టండి. ఇంటి పని రికార్డు వేరుగా ఉంచుకోండి.

ఇది మార్గదర్శకం, ప్రతి కాలేజీ దీని ఆధారంగా తన విధానం రాసుకోవాలి. ప్రిన్సిపాల్‌తో వాదనకు దిగకుండా ‘సార్, మన కాలేజీ స్టార్టప్ పాలసీ కాపీ ఇప్పించండి’ అని రాతపూర్వకంగా అడగండి. సగం చోట్ల ఆ కాగితం అడిగాకే సంభాషణ మారుతుంది. వాటా ఇవ్వాల్సి వస్తే, దానికి బదులుగా ఏ గది, ఏ యంత్రాలు, ఎన్ని నెలలు అన్నది అదే ఒప్పందంలో రాయించుకోండి.

ప్రశ్న: ఎక్స్‌పోలో చూపించాం, యూట్యూబ్‌లోనూ పెట్టాం. ఇప్పుడు పేటెంట్ వస్తుందా? (కాకినాడ)

జవాబు: చూపించిన భాగానికి చాలావరకు దారి మూసుకుపోయినట్టే. ప్రపంచంలో ఎక్కడైనా ముందే బయటపడిన విషయానికి మన దేశంలో పేటెంట్ రాదు. ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు ఉన్నా అది ప్రభుత్వం నోటిఫై చేసిన వాటికే, కాలేజీ ఎక్స్‌పోకి కాదు. వీడియోలో కనిపించని మెరుగులు ఏమైనా ఉంటే వాటికి ఇప్పుడే ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. ఆ తర్వాత 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ఉత్త సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) అడ్డు. చాలా విద్యార్థి కంపెనీలకు పేటెంట్ కన్నా ముందు కావాల్సింది ట్రేడ్‌మార్క్. ఒక్కో క్లాసుకు 4,500 మాత్రమే.

ప్రశ్న: పోటీల్లో బహుమతులు వస్తున్నాయి గానీ వస్తువు తయారీకి డబ్బు దొరకడం లేదు. గ్రాంట్లు ఎలా తెచ్చుకోవాలి? (అనంతపురం, నిజామాబాద్)

జవాబు: చేతితో పట్టుకునే వస్తువైతే మొదట చూడాల్సింది కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి నిధి-ప్రయాస్. ప్రోటోటైప్‌కి 10 లక్షల దాకా ఇస్తారు, ఉత్త సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వరు. చదువుతున్నవాళ్లకు షరతులేమిటో దరఖాస్తుకు ముందే ఆ గ్రాంటు ఇచ్చే ఇంక్యుబేటర్‌ని అడగండి. డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరకుండా స్టార్టప్ మీదే ఉండాలనుకుంటే నిధి-ఈఐఆర్ కింద నెలకు 30,000 దాకా ఫెలోషిప్ ఉంది. బయోటెక్, వైద్య పరికరాలకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా ఇస్తుంది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ప్రోటోటైప్ దశకు 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. దానికి కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు మించకూడదు. మొదటి జవాబులో చెప్పిన రెండేళ్ల షరతు ఇదే. ప్రస్తుతం విడత తెరిచి ఉందో లేదో ఇంక్యుబేటర్‌ని అడిగి తెలుసుకోండి.

ఈ డబ్బంతా ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తుంది కాబట్టి మీ రంగానికి తగిన చోటు ఎంచుకోవడం ముఖ్యం. వ్యవసాయమైతే రాజేంద్రనగర్‌లో జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ (నార్మ్) వారి ఎ-ఐడియా, వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని అగ్‌హబ్, పటాన్‌చెరులో ఇక్రిశాట్. జీవశాస్త్రమైతే సీసీఎంబీ ఇంక్యుబేటర్. వైద్య పరికరాలైతే విశాఖ మెడ్‌టెక్ జోన్. మహిళలకు వీ-హబ్. ఆంధ్రప్రదేశ్‌లో అమరావతి కేంద్రంగా 2025లో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అనంతపురంలోనూ శాఖ ఉంది, అక్కడివారు ముందు ఆ తలుపు తట్టండి. నమూనా తయారీకి హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌లో లోహం, ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డుల యంత్రాలన్నీ ఒకేచోట ఉన్నాయి. పోటీ బహుమతి కోసం ఊరూరా తిరిగే బస్సు చార్జీలతో అక్కడ ఒక డబ్బా నమూనా చేయించుకోవచ్చు.

దరఖాస్తులు వెనక్కి రావడానికి కారణాలు తరచూ ఇవే. బడ్జెట్‌లో సగం జీతాలు, ప్రయాణాలు రాస్తారు, ప్రోటోటైప్ గ్రాంటుకు అది కుదరదు. ‘హార్డ్‌వేర్ ఖర్చు 4 లక్షలు’ అని ఒకే వరుసలో రాస్తారు. ఏ విడిభాగం, ఎన్ని, ఒక్కోటి ఎంత, కొటేషన్ ఎవరిచ్చారు అని విడివిడిగా ఉండాలి. మైలురాయి అన్నచోట ‘పరికరాన్ని మెరుగుపరచడం’ అని రాస్తారు. ‘20 యూనిట్లు, 60 రోజులు, నెలకు రెండుకు మించని వైఫల్యాలు’ అని రాస్తే నిపుణుల కమిటీ కొలవగలదు. విడతలుగా వచ్చే డబ్బు ఆ కొలత మీదే ఆధారపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడు. కంపెనీ కోసం చదువు మానేస్తానంటున్నాడు. 6 లక్షలు అడుగుతున్నాడు. నా బంగారం తాకట్టు పెట్టి ఇవ్వమంటారా? (ఓ తల్లి, నంద్యాల)

జవాబు: వద్దమ్మా. మీ అబ్బాయి మీద నమ్మకం లేక చెప్పడం లేదు, చట్టంలోనే ఒక మెలిక ఉంది. డైరెక్టరు గానీ, అతని దగ్గరి బంధువు గానీ ప్రైవేట్ కంపెనీకి అప్పిచ్చేటప్పుడు ‘ఇది నేను అప్పు తెచ్చి ఇస్తున్న డబ్బు కాదు’ అని రాసివ్వాలి. బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది అప్పే కదా, మీరలా రాసివ్వలేరు. రాసివ్వని డబ్బు కంపెనీకి అక్రమ డిపాజిట్ అవుతుంది.

చదువు మానాల్సిన అవసరమూ లేదు. పైన చెప్పిన 2019 విధానంలోనే మేజర్ ప్రాజెక్టు, సమ్మర్ ట్రైనింగ్ స్థానంలో స్టార్టప్ పనిని చూపడానికి, హాజరు తగ్గినా అనుమతితో పరీక్ష రాయడానికి, అవసరమైతే సెమిస్టరో ఏడాదో విరామం తీసుకుని మళ్లీ చేరడానికి వీలుంది. కాలేజీ ఒప్పుకుందో లేదో, యూనివర్సిటీ నిబంధన ఏమిటో రాతపూర్వకంగా తెచ్చి చూపించమనండి.

ఇంకో పని కూడా చెప్పండి. ఇప్పటిదాకా డబ్బిచ్చి కొన్నవాళ్ల జాబితా, ఆ 6 లక్షలు ఏ నెల దేనికి ఖర్చవుతాయో వరుసగా రాసిన కాగితం తెమ్మనండి. పదిమంది కొన్నవాళ్లు కనబడితే, ఇంట్లో మిగులు ఉంటే, ఏభై వేలో లక్షో ఇచ్చి చూడండి. మిగతాది కాగితంలో రాసిన మొదటి మూడు నెలల పని జరిగాక చూద్దామని చెప్పండి. జాబితాలో బంధువులు, స్నేహితులే ఉంటే ఇంకో ఆరు నెలలు చదువుకుంటూనే చేయమనండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఉత్సాహంగా కంపెనీ పెట్టాం. ఏ వ్యాపారమూ చేయలేదు, ఏ ఫారమూ వేయలేదు. ఇప్పుడు నోటీసు వచ్చింది. ముగ్గురం ఉద్యోగాల్లో ఉన్నాం. వదిలేస్తే ఏమవుతుంది? (బెంగళూరు నుంచి తెలుగు పాఠకుడు)

జవాబు: వదిలేస్తే పోయేది కాదు. ఏటా లెక్కలకు వేసే ఏఓసీ-4, వార్షిక రిటర్నుకు వేసే ఎంజీటీ-7ఏ అనే రెండు ఫారాలకు ఆలస్యమైన ప్రతి రోజుకూ ఒక్కోదానికి 100 రూపాయల అదనపు ఫీజు, దానికి గరిష్ఠ పరిమితి లేదు. 400 రోజులు ఆలస్యమైతే ఒక ఏడాది లెక్కలకే 80,000. ప్రభుత్వం 2020లో చేసినట్టు ఎప్పుడైనా రాయితీ పథకం ప్రకటిస్తే ఇందులో చాలా తగ్గుతుంది, మీ సీఏని ఆ సంగతి మొదట అడగండి.

మూసేయాలంటే ఎస్‌టీకే-2 దరఖాస్తు, ఫీజు 10,000. రెండేళ్లుగా వ్యాపారం లేకపోతే, లేదా పెట్టిన ఏడాదిలోపు అసలు మొదలే పెట్టకపోతే అర్హత ఉంటుంది. ముందు బాకీలన్నీ తీర్చి బ్యాంకు ఖాతా మూసేయాలి, పెండింగ్ రిటర్నులు వేయాలి. డైరెక్టర్ల ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే తామే భరిస్తామన్న హామీ), అఫిడవిట్, 30 రోజులకు మించి పాతవి కాని లెక్కల పత్రం జతచేయాలి. జీఎస్టీ నంబరు తీసుకుని ఉంటే దాన్ని విడిగా రద్దు చేయించుకోవాలి, కంపెనీ మూసినంత మాత్రాన అది పోదు. ముగ్గురి డిజిటల్ సంతకాల గడువు ఈపాటికి ముగిసి ఉంటుంది, పని మొదలుపెట్టే ముందే కొత్తవి తీసుకోండి.

కంపెనీ మీద ఇంకా ఆశ ఉంటే ఎంఎస్‌సీ-1 ఫారం వేసి డార్మెంట్, అంటే నిద్రాణ, హోదా తీసుకోవచ్చు, ఏటా పని తగ్గుతుంది. దానికైనా పాత బకాయి ఫారాలు పూర్తిచేయాల్సిందే. మూడో ఏడు కూడా ఇలాగే దాటనివ్వకండి. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు రిటర్నులు వేయకపోతే కంపెనీల చట్టం సెక్షన్ 164(2) కింద ముగ్గురూ 5 ఏళ్లపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టర్లు కాలేరు. ఆ ఐదేళ్లలో మీకు మంచి ఆలోచన వచ్చినా కంపెనీ ఇంకొకరి పేరు మీద పెట్టాల్సి వస్తుంది.